రైఫిల్ స్కోపు: ల్యూపోల్డ్, వోర్టెక్స్ లైన్లలో లెన్సు కోటింగుల తేడా సందె వెలుగులో నిజంగా తెలుస్తుందా?

లానో_లీజు (ప్రశ్న):

నమస్కారమండీ. టెక్సస్ హిల్ కంట్రీలో, లానో దగ్గర వైట్‌టెయిల్ జింకల వేటకు స్కోపు కొనాలి. రైఫిల్ 308 తూటా వాడే బోల్ట్ యాక్షన్. దూరం 80 నుంచి 200 గజాలు. రింగులతో (స్కోపును రైఫిల్‌కు బిగించేవి) కలిపి బడ్జెట్ 600 డాలర్లు. జింకలు బయటికొచ్చేదేమో సూర్యాస్తమయం అయ్యాక మిగిలే చివరి అరగంటలో.

ఏ డబ్బా చూసినా "ఫుల్లీ మల్టీ-కోటెడ్" అనే ఉంది. మరి వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2కీ వైపర్‌కీ, ల్యూపోల్డ్ విఎక్స్-ఫ్రీడమ్‌కీ విఎక్స్-3హెచ్‌డీకీ తేడా దేంట్లో? జైస్ కాంక్వెస్ట్ వి4కి 90 శాతం వెలుగు అంటున్నారు, దానికోసం బడ్జెట్ పెంచడం మంచిదా? ముందు లెన్సు వెడల్పు 40 మిల్లీమీటర్లు చాలా, 50 కావాలా?

గాజుపూత:

ముందు ఆ మాటల అర్థం చూద్దాం. "కోటెడ్" అంటే ఏదో ఒక తలానికైనా ఒక పొర పూత ఉంది. "ఫుల్లీ కోటెడ్" అంటే గాలి తగిలే ప్రతి గాజు తలానికీ ఒక్కో పొర. "మల్టీ-కోటెడ్" అంటే కొన్ని తలాలకే పలు పొరలు. "ఫుల్లీ మల్టీ-కోటెడ్" అంటే గాలి తగిలే తలాలన్నిటికీ పలు పొరలు. ఎన్ని పొరలు, ఎంత కచ్చితంగా వేశారు అన్నది మాత్రం ఈ మాటల్లో ఎక్కడా ఉండదు. ఒకే మాట రాసుకున్న రెండు స్కోపులు వేర్వేరుగా కనిపించడానికి కారణం అదే.

లెక్క చిన్నదే. పూత లేని గాజు తలం దగ్గర సుమారు 4.3 శాతం వెలుగు వెనక్కి పోతుంది. స్కోపులో అలాంటి తలాలు 16 ఉన్నాయనుకుంటే కంటికి చేరేది సగమే. మెగ్నీషియం ఫ్లోరైడ్ ఒక్క పొర, దాదాపు 100 నానోమీటర్ల మందం, వేస్తే నష్టం తలానికి 1.3 శాతానికి దిగుతుంది, మొత్తం మీద 81 శాతం చేరుతుంది. మంచి మల్టీ-కోటింగుతో తలానికి 0.5 శాతం నష్టమే అనుకుంటే 92 శాతం. జైస్ చెప్పే 90 నమ్మదగ్గ అంకె అనేది ఇందుకే. ఎక్కడైనా "98 శాతం" అని కనిపిస్తే అది మొత్తం స్కోపుకా, ఒక్కో తలానికా అని అడగండి. తలానికి 98 అయితే 16 తలాలు దాటాక మిగిలేది 72.

ఈ పూతల పద్ధతికి పేటెంటు 1935లో జైస్‌లో పనిచేసిన అలెగ్జాండర్ స్మకూలాది. జైస్ తన పూతలకు పెట్టుకున్న టి-స్టార్ పేరు ఆ వరసలోంచి వచ్చిందే.

పొద్దువాలాక:

లైన్ల సంగతి నేను చెప్తా.

వోర్టెక్స్ వరస కింది నుంచి క్రాస్‌ఫైర్ 2, డైమండ్‌బ్యాక్, వైపర్, రేజర్. వైపర్‌లో ఎక్స్‌డీ గాజు (రంగు అంచులు తగ్గించే తక్కువ విక్షేపణ గాజు), ఎక్స్‌ఆర్ పూతలు, బయటి లెన్సు మీద గీతలు పడకుండా ఆర్మర్‌టెక్. క్రాస్‌ఫైర్ 2 పట్టపగలు బాగానే ఉంటుంది. పడమటి వైపు తిప్పితే మాత్రం చిత్రం మీద పాలపొర పరిచినట్టు తెల్లబడుతుంది.

ల్యూపోల్డ్‌లో విఎక్స్-ఫ్రీడమ్ 3-9x40 (3 నుంచి 9 రెట్ల పవర్, ముందు లెన్సు 40 మిల్లీమీటర్లు) సాదా స్కోపు, బరువు తక్కువ, వేటకు సరిపోతుంది. విఎక్స్-3హెచ్‌డీలో గాజూ పూతలూ ఒక మెట్టు పైన. పైగా సీడీఎస్ డయల్ (దూరాన్ని బట్టి గురి సరిచేసేది) వస్తుంది, మీ తూటా లెక్కకు తగ్గట్టు చెక్కించిన డయల్ ఒకటి కంపెనీ ఉచితంగా ఇస్తుంది. విఎక్స్-5హెచ్‌డీ, 6హెచ్‌డీల్లో జూమ్ ఐదు, ఆరు రెట్లు. 200 గజాలకు ఆ జూమ్ అక్కర్లేదు, ఆ డబ్బు వృథా.

కాంక్వెస్ట్ వి4 నిస్సందేహంగా మంచిది, టి-స్టార్‌తో పాటు నీళ్లు జారిపోయే లోటుటెక్ పూత కూడా ఉంటుంది. అయితే 30 మిల్లీమీటర్ల ట్యూబు, బరువు ఎక్కువ. మీ దూరాలకు అంత అవసరమని నేననుకోను.

గాజుపూత:

పైన చెప్పినదానికి ఒకటి కలపాలి. శాతాల వెంట పడితే ఒరిగేది చాలా తక్కువ. స్పష్టమైన ఆకాశంలో సూర్యుడు దిగేసరికి నేల మీద వెలుగు సుమారు 400 లక్సులు (వెలుగు కొలత), సివిల్ ట్వైలైట్ (సూర్యాస్తమయం తర్వాత సుమారు అరగంట మసక వెలుగు) ముగిసేసరికి మూడు నాలుగు లక్సులు. అంటే ఆ అరగంటలో సగటున నాలుగు నిమిషాలకోసారి వెలుగు సగమవుతుంది. ఈ లెక్కన 85 శాతం స్కోపుకూ 90 శాతం స్కోపుకూ మధ్య మీకు కలిసొచ్చేది 20 సెకన్లు! అంతే.

పూతల అసలు మేలు మరోచోట ఉంది. తలాల మధ్య ఎగిరెగిరి పడే వెలుగు చివరికి చిత్రం మీద తెల్ల మసకగా పరుచుకుంటుంది. పూత బాగుంటే, ట్యూబు లోపల నలుపు సరిగ్గా వేస్తే, లెన్సు అంచులకు కూడా నలుపు పూస్తే నీడలు నీడల్లాగే ఉంటాయి. దేవదారు నీడలో బూడిదరంగు జింక కనపడేది అప్పుడే. పాలపొర అని పైన అన్నది ఇదే. ధర పెరిగేకొద్దీ మీరు కొనేది ఎక్కువగా ఇదే.

40, 50 సంగతి: ఆబ్జెక్టివ్ (ముందు లెన్సు) వెడల్పును పవర్‌తో భాగించండి, స్కోపులోంచి కంటికి వచ్చే వెలుగు పుంజం వెడల్పు వస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు, 6తో అయితే 6.7. కంటిపాప చీకట్లో కుర్రవాళ్లకు 7 దాకా విచ్చుకుంటుంది, యాభై దాటినవాళ్లకు 5 దగ్గర ఆగిపోతుంది. మసక పడగానే పవర్ 6కి తగ్గిస్తే 40 చాలు, 50 ఇచ్చే అదనపు వెలుగు కంట్లోకే పోదు. 50కి ఎత్తైన రింగులు కావాలి, చెంప స్టాకుకు (రైఫిల్ వెనక భాగం) సరిగ్గా ఆనదు. ఆ నష్టం పెద్దది.

లానో_లీజు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. 20 సెకన్ల లెక్క కళ్లు తెరిపించింది. షాపులో ట్యూబ్‌లైట్ కింద ఇవన్నీ ఎలా పరీక్షించాలి? శుభ్రం చేసే పద్ధతి కూడా చెప్పండి.

కొండవాగు:

చిన్న ఎల్ఈడీ టార్చి తీసుకెళ్లండి. ఆబ్జెక్టివ్ వైపు నుంచి కొంచెం వాలుగా వేసి లోపలి ప్రతిబింబాలు చూడండి. ఆకుపచ్చ, ఊదా, ముదురు ఎరుపు రంగుల్లో మసకగా కనపడితే పూతలున్నట్టు. ఒక్కటైనా తెల్లగా మిలమిల్లాడితే ఆ తలానికి పూత లేనట్టే. ప్రతిబింబం రంగును బట్టి మంచీచెడూ తేల్చకండి, వెనక్కి పోయిన వెలుగు రంగది.

తర్వాత ఏ షాపువాడైనా ఒప్పుకుంటే రెండు స్కోపులూ, రైఫిల్‌కు బిగించకుండా, సాయంత్రం గుమ్మం బయటికి తీసుకెళ్లండి. రెండూ ఒకే పవర్‌లో పెట్టండి, 6 మంచిది. వీధి దీపం చిత్రం అంచుకు కాస్త బయట ఉండేలా పెట్టి, పక్కనున్న చీకటి చెట్టు కొమ్మలు లెక్కపెట్టండి. కొమ్మలు ఎందులో ముందు మాయమైతే అది ఓడినట్టు. ఐపీస్ (కంటి వైపు లెన్సు) ఫోకస్ ముందే మీ కంటికి సరిచేసుకోకపోతే ఈ పరీక్ష దండగ.

శుభ్రం చేసేటప్పుడు మొదట గాలి బల్బు, తర్వాత మెత్తటి బ్రష్, ఆ తర్వాతే లెన్సు ద్రవం తడిపిన లెన్సు కాగితం, మధ్య నుంచి అంచుకు చుట్టుకుంటూ. పొడిగా చొక్కాతో తుడిస్తే గ్రానైటు దుమ్ము పూతను గీసేస్తుంది, లానో నిండా ఆ దుమ్మే. డీట్ ఉన్న దోమల మందు చేతికుంటే స్కోపు ముట్టొద్దు, ప్లాస్టిక్కునూ రబ్బరునూ కరిగిస్తుంది. ఏసీ కారులోంచి తీయగానే బయట పట్టే ఆవిరి దానంతటదే పోతుంది. లోపల పడితే మాత్రం సీలు పోయినట్టు, కంపెనీకి పంపాల్సిందే.

పొద్దువాలాక:

నా సలహా: విఎక్స్-3హెచ్‌డీ 3.5-10x40, రింగులతో కలిపి 600లో వస్తే అదే. దాటితే విఎక్స్-ఫ్రీడమ్ 3-9x40 తీసుకుని మిగిలిన డబ్బుతో 8x42 బైనాక్యులర్స్ కొనండి. జింకను గుర్తుపట్టాల్సింది బైనాక్యులర్స్‌తో, స్కోపుతో చూడటమంటే తుపాకీ గురిపెట్టడమే. కొమ్ముల లోపలి వెడల్పు 13 అంగుళాల నిబంధన ఉన్న కౌంటీలకు వెళ్తే ఇది మరీ ముఖ్యం. చెవులు నిక్కించినప్పుడు చెవి కొన నుంచి చెవి కొనకు దాదాపు అంతే దూరం, కొమ్ములు దాన్ని దాటాయా లేదా అన్నది మసకలో చూసి చెప్పాలి.

రింగు స్క్రూలకు టార్క్ రెంచి వాడండి. వోర్టెక్స్ తన స్కోపులకు 18 అంగుళ-పౌండ్లకు మించొద్దంటుంది, రింగుల కంపెనీ అంకె వేరైతే తక్కువది పాటించండి. ఆ స్క్రూలకు లాక్‌టైట్ (స్క్రూలు వదులు కాకుండా పూసే జిగురు) వద్దు. అది నూనెలా జారనిచ్చి బిగింపు ఎక్కువై ట్యూబు నొక్కుకుపోతుంది, అప్పుడు పవర్ మార్చే రింగు బిగుసుకుంటుంది. 308కి కంటికీ ఐపీస్‌కీ మధ్య దూరం మూడున్నర అంగుళాలకు తగ్గనివ్వకండి.

కొండవాగు:

హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసాల మీద తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. టెక్సస్ వార్షిక లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది, సెప్టెంబర్ 1కి కొత్తది లేకపోతే మినహాయింపూ లేదు. స్నేహితుడి తుపాకీ పట్టుకున్నా ఇదే వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు.