ఎస్సెన్ ఊరి కింద ఏముంది? బొగ్గు చరిత్ర, కుంగిన నేల, ఒకటిన్నర రోజులో చూడాల్సినవి

కొత్తబాట (ప్రశ్న)

నమస్కారం అండీ. ఇక్కడి యూనివర్సిటీలో కొత్తగా చేరిన మన తెలుగు పిల్లలు పది మందికి శని, ఆదివారాల్లో జర్మనీలో రూర్ బొగ్గు ప్రాంతంలోని ఎస్సెన్ చూపించాలి. రైలు దిగి షాపుల వీధి చూసి వెళ్లిపోవడం కాదు, ఊరు ఎలా పెరిగిందో, ఎలా మారిందో వాళ్లకు అర్థం కావాలి. నాకు స్పష్టంగా తెలియనివి ఇవి. క్రుప్ ఉక్కు, ట్సోల్‌ఫెరైన్ గని ఒకే కంపెనీవా? గనులన్నీ మూతపడ్డా పంపులు మాత్రం ఎప్పటికీ ఆగకూడదంటారు, ఎందుకు? ఉత్తరం వైపు ఇళ్లకు బీటలుంటాయి, అక్కడ కొనొద్దంటారు, నిజమేనా? ఇంతకీ ఒకటిన్నర రోజులో ఏ వరసలో తిరగాలి?

బొగ్గుపొర

ఒకే కంపెనీ కాదండీ. చాలామంది పొరబడేది ఇక్కడే. ట్సోల్‌ఫెరైన్ గనిని 1847లో మొదలుపెట్టింది ఫ్రాంట్స్ హానియల్. 1834లో జర్మన్ రాజ్యాల మధ్య కుదిరిన సుంకాల కూటమి పేరే గనికి పెట్టాడు. బొగ్గు రావడం 1851 నుంచి. ఆ గని ఉన్న కాటర్న్‌బెర్గ్ అప్పటికి ఎస్సెన్‌లో లేనే లేదు, 1929లో కలిపారు. క్రుప్ కార్ఖానా పాత ఊరికి పడమర పక్కన ఉండేది.

నేల కింద పొరలు ఎలా ఉన్నాయో పిల్లలకు ముందే చెప్పండి, మిగతాది దానంతట అదే అర్థమవుతుంది. దక్షిణాన రూర్ నది లోయలో బొగ్గు పొరలు నేల పైకే తేలి ఉంటాయి. ఉత్తరానికి పోయేకొద్దీ ఏటవాలుగా లోతుకు దిగుతాయి, వాటి మీద సున్నపుమన్ను పొర మందంగా పరుచుకుని ఉంటుంది. అందుకే పాతకాలంలో దక్షిణాన కొండవాలుకు సొరంగం తవ్వి బొగ్గు లాగేవాళ్లు. నీళ్లు వాలు వెంట వాటంతట అవే నదిలోకి జారిపోయేవి. ఆ సున్నపుమన్ను పొరను చీల్చుకుని దిగాలంటే ఊరే నీళ్లను తోడిపోసే ఆవిరి యంత్రం కావాలి. అది 1830ల నుంచి సాధ్యమైంది, గనులు ఉత్తరానికి జరిగాయి. కూలీల కాలనీలు, పొగ, కంపు వాటి వెంటే వెళ్లాయి. దక్షిణాన అడవులు, పెద్దవాళ్ల బంగళాలు మిగిలాయి. ఇప్పుడు ఎ40 రహదారి ఊరిని రెండుగా కోస్తుంది. దానికి ఉత్తరాన ఆదాయాలు తక్కువ, దక్షిణాన ఎక్కువ.

ఊరు మాత్రం బొగ్గు కన్నా చాలా పాతది. 845 ప్రాంతంలో స్త్రీల మఠంగా మొదలైంది. ఊరి నడుమ మ్యూన్‌స్టర్ చర్చిలో సుమారు 980 నాటి బంగారు మరియమ్మ విగ్రహం ఇప్పటికీ ఉంది. చెక్క మీద బంగారు రేకు తాపడం చేసింది. 1800 ప్రాంతంలో ఇక్కడి జనాభా 4,000 దాకా. 1896లో లక్ష దాటింది. 1960ల మొదట్లో సుమారు 7.3 లక్షలు, ఇప్పుడు 5.8 లక్షల దగ్గర ఉంది.

ఇక క్రుప్. 1811లో ఫ్రీడ్రిష్ క్రుప్ పోత ఉక్కు పని మొదలుపెట్టి అప్పులతో పోయాడు. 1826లో 14 ఏళ్ల కొడుకు ఆల్ఫ్రెడ్ చేతికి వచ్చింది. కంపెనీని నిలబెట్టింది రైలు చక్రం. అప్పట్లో చక్రానికి తొడిగే ఉక్కు పట్టాను వంచి, కొసలు అతికించేవాళ్లు. వేగం పెరిగితే ఆ అతుకు దగ్గరే విరిగేది. ఆల్ఫ్రెడ్ 1850ల మొదట్లో అతుకే లేకుండా చేశాడు. ఉక్కు దిమ్మెను మధ్యలో నిలువునా చీల్చి, చీలికను మేకులతో వెడల్పు చేసి, గుండ్రంగా తెరిచి, రోలర్ల మీద సాగదీసేవాడు. కంపెనీ గుర్తులోని మూడు వలయాలు ఆ చక్రపు పట్టాలే, ఫిరంగి గొట్టాలు కావు. ఫిరంగులూ ఇక్కడే తయారయ్యాయన్నది వేరే నిజం, దాన్ని దాటవేయకూడదు. రెండో ప్రపంచయుద్ధంలో ఈ కార్ఖానాల్లో బందీలతో, ఇతర దేశాల నుంచి పట్టుకొచ్చినవాళ్లతో బలవంతంగా పని చేయించారు. 1948లో న్యూరెంబర్గ్‌లో అప్పటి యజమాని, ఆల్ఫ్రెడ్ మునిమనవడు ఆల్‌ఫ్రీడ్ క్రుప్‌కు 12 ఏళ్ల శిక్ష పడింది, 1951లోనే విడిచిపెట్టారు. 1943 మార్చి 5 రాత్రి నుంచి పడిన బాంబులకు పాత ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నడి ఊరు యుద్ధం తర్వాత కట్టినట్టే కనిపించడానికి కారణం అదే.

కొలిమి

ట్సోల్‌ఫెరైన్‌కు వెళ్తే 12వ షాఫ్ట్ (గనిలోకి దిగే నిలువు బావి) ఎదుటి గడ్డి చదును దగ్గర ఐదు నిమిషాలు నిలబెట్టండి. 1932లో పని మొదలుపెట్టిన కట్టడం అది, వాస్తుశిల్పులు ఫ్రిట్స్ షుప్, మార్టిన్ క్రెమ్మర్. ఎర్ర ఇటుక బరువు మోయడం లేదు. మోసేది ఉక్కు చట్రం, ఇటుక నడుమ నింపిన పలక మాత్రమే. యంత్రం మారితే గోడ విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. షాఫ్ట్ మీది జోడు కాళ్ల ఉక్కు గోపురం ఎత్తు 55 మీటర్లు. ఈ షాఫ్ట్‌లో మనుషులు దిగేవాళ్లు కాదు, బొగ్గు మాత్రమే పైకి వచ్చేది, రోజుకు 12,000 టన్నులు. మనుషులు పక్కనున్న పాత షాఫ్టుల నుంచి దిగేవాళ్లు.

పైకి వచ్చిన సరుకులో రాయి కూడా కలిసి ఉంటుంది. బొగ్గు కడిగే భవనంలో చేసేది మన ఇళ్లలో బియ్యం గాలించే పనే. తొట్టిలో నీటిని కింది నుంచి కుదుపుతూ ఉంటే తేలికైన బొగ్గు పైకి, బరువైన రాయి అడుక్కి చేరతాయి. ఆ తొట్లు, బెల్టులు చాలావరకు అలాగే ఉంచి అందులో 2010లో రూర్ మ్యూజియం పెట్టారు. నారింజ రంగు ఎస్కలేటర్ 24 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. టికెట్ అక్కడే. అక్కడి నుంచి 17, 12, 6 మీటర్ల అంతస్తులకు దిగుతూ చూడాలి, బొగ్గు కూడా పై నుంచి కిందికే వచ్చేది. కింది నుంచి మొదలుపెడితే వరస తిరగబడి ఏమీ అర్థం కాదు.

కోక్ బట్టీలు వదలొద్దు. ఇనుము కొలిమికి పనికొచ్చేలా కాల్చి శుద్ధిచేసిన బొగ్గే కోక్. 304 బట్టీలు, 600 మీటర్ల పొడవున గోడలా ఉంటాయి. పచ్చి బొగ్గును అలాగే ఇనుము కరిగించే కొలిమిలో వేస్తే మెత్తబడి గాలి దారులు మూసేస్తుంది. గంధకం, తారు కూడా ఇనుములో చేరతాయి. అందుకే సన్నగా, ఎత్తుగా ఉండే ఈ బట్టీల్లోకి పై నుంచి బొగ్గు పోసి, గాలి తగలకుండా 1000 డిగ్రీలకు పైగా దాదాపు ఒక రోజు కాలుస్తారు. తర్వాత రెండు వైపులా తలుపులు తీసి ఒక పక్క నుంచి తోస్తే, ఎర్రగా మండుతున్న కోక్ రెండో పక్కన బండిలో పడుతుంది. వెంటనే నీళ్లు కొడతారు, లేకపోతే గాలి తగిలి బూడిదవుతుంది. ఒకసారి వెలిగించాక బట్టీని చల్లారనివ్వకూడదు. లోపలి సిలికా ఇటుక చల్లబడితే కుంచించుకుపోయి పగులుతుంది. 1961 నుంచి 1993 జూన్ 30 దాకా ఇక్కడ సెలవన్నదే లేకపోవడానికి ఆ ఇటుకే కారణం. మూసేశాక చైనాకు అమ్మాలని చూశారు, బేరం కుదరలేదు కాబట్టి మిగిలింది. గనిని 1986 డిసెంబర్ 23న మూశారు, ఎస్సెన్‌లో చివరి గని అదే. యునెస్కో గుర్తింపు 2001లో వచ్చింది.

నీటిమట్టం

పంపుల సంగతి నేను చెబుతాను. ఎస్సెన్‌ను అర్థం చేసుకోవడానికి నా దృష్టిలో ఇంతకంటే పెద్ద విషయం లేదు.

లోతు గనిలో పొరను తీసుకుంటూ పోయి, వెనక పైకప్పును కూలనిస్తారు. తీసిన మందంలో సుమారు 90 శాతం మేర పైనున్న నేల కుంగుతుంది. ఒక పొర మీటరు మందమే అయినా, ఒకదాని కింద ఒకటి పదుల పొరలు తీశారు. రూర్ ప్రాంతంలో కొన్నిచోట్ల నేల 25 మీటర్ల దాకా దిగింది. ఊళ్లు గిన్నెల్లా అయ్యాయి, నదులు పక్కన ఎత్తులో మిగిలాయి. వాన నీరు తనంతట తాను బయటికి పోలేదు. పంపు ఆగితే ఇళ్ల మధ్య చెరువు నిలుస్తుంది.

ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి, కలిపేయకండి. పైన గిన్నెల్లో చేరే నీటిని కాలవల్లోకి ఎత్తిపోసే పంపులు ఒకటి. గని లోతుల్లో ఊరే ఉప్పునీరు మంచినీటి పొరలను తాకే దాకా పెరగకుండా తోడటం రెండోది. రెండో పనికి రూర్ మొత్తానికి ఆరు చోట్లు ఉంచాలన్నది ప్రణాళిక. వాటిలో హైన్‌రిష్ అనే పాత గని ఎస్సెన్‌లోనే, రూర్ ఒడ్డున ఉంది. జర్మన్లు దీన్ని 'శాశ్వత బాధ్యత' అంటారు. చివరి గని, పక్కూరు బాట్రోప్‌లోని ప్రాస్పర్-హానియల్, 2018 డిసెంబర్ 21న మూతపడింది. 2019 నుంచి ఈ ఖర్చంతా 2007లో పెట్టిన ఒక ఫౌండేషన్ భరిస్తోంది, ఏటా 20 కోట్ల యూరోలకు పైనే. దాని ఆఫీసు కట్టింది ట్సోల్‌ఫెరైన్ ఆవరణలోనే.

ఊరికి ఉత్తరాన పారే ఎమ్‌షర్ నది కథ కూడా కుంగడం నుంచే వచ్చింది. నేల కదులుతుంటే భూమిలో వేసిన మురుగు గొట్టం విరుగుతుంది, వాలు తిరగబడుతుంది. అందుకే 1899లో సంఘం పెట్టుకుని, ఎమ్‌షర్‌నూ దాని వాగులనూ కాంక్రీటు పలకల మధ్య తెరిచిన మురుగు కాలవలుగా మార్చారు. పలక కుంగితే పైకెత్తి సరిచేయొచ్చు, గొట్టానికి ఆ వీలు లేదు. తాగడానికి రూర్, మురుగుకు ఎమ్‌షర్ అని నదులకు పని పంచారు. బొగ్గు తవ్వకం ఉత్తరానికి జరిగిపోయి నేల కదలడం ఆగాకే, 1992 నుంచి మురుగు గొట్టాలు వేయడం మొదలైంది. 51 కిలోమీటర్ల ప్రధాన గొట్టం, మొత్తం సుమారు 550 కోట్ల యూరోలు. 2021 చివరికి ఎమ్‌షర్‌లో మురుగు ఆగింది. ఒక తరం మొత్తం ఓపిక పట్టి చేసిన పని అది. పిల్లలకు ఒడ్డున నిలబడి చెప్పండి.

గోడకొల

ఇళ్ల బీటల మాటకు చిన్న సవరణ. 'ఉత్తరం ప్రమాదం, దక్షిణం నిశ్చింత' అనడం పొరపాటు. ఉత్తరాన లోతు తవ్వకం వల్ల నేల విశాలంగా, మెల్లగా కుంగుతుంది. తవ్వకం ఆగిన కొన్నేళ్లకు ఆ కదలిక కూడా ఆగిపోతుంది. అక్కడ కనిపించే బీటలు చాలావరకు పాతవి. ఉన్నట్టుండి గుంత పడే ప్రమాదం పొరలు పైపైన ఉన్న దక్షిణం, నడి ఊరి వైపు ఎక్కువ. అక్కడ పటంలోకి ఎక్కని పాత సొరంగాలు కూడా ఉన్నాయి. 2013 నవంబరులో ఎస్సెన్ ప్రధాన స్టేషన్ దగ్గర పట్టాల కింద పాత ఖాళీలు బయటపడ్డాయి. వాటిని నింపే దాకా కొన్ని వారాలు రైళ్లు నెమ్మదిగా నడిచాయి.

అద్దెకుండేవాళ్లు పట్టించుకోనక్కర్లేదు. కొనేవాళ్లు మాత్రం రెండు చూడాలి. ఆర్న్స్‌బెర్గ్ జిల్లా పాలనా కార్యాలయంలోని గనుల శాఖకు స్థలం చిరునామా, నక్షాతో రాస్తే ఆ చోట గనుల చరిత్ర రాతపూర్వకంగా ఇస్తారు. రెండోది, భూమి రిజిస్టరులో 'బెర్గ్‌షాడెన్‌ఫెర్‌ట్సిష్ట్' (Bergschadenverzicht) అన్న మాట ఉందేమో చూడండి. గని వల్ల నష్టం వస్తే పరిహారం అడగబోమని పాత యజమాని ఎప్పుడో రాసిచ్చాడని దానర్థం. అది కొన్నవాళ్లకూ వర్తించవచ్చు, సంతకానికి ముందే లాయరుకు చూపించండి. ఇంటి లోపల ఒక గోళీని నేల మీద పెట్టి చూడటం కూడా మంచి పద్ధతే. ఇల్లంతా ఒకే వైపు వాలితే బీట లేకపోయినా తలుపులు, మురుగు గొట్టాలు ఇబ్బంది పెడతాయి.

కొత్తబాట

అందరికీ ధన్యవాదాలు. పంపులు, నదుల సంగతి ఇంత ఉందని తెలియదు. అక్కడ పనిచేసిన మనుషుల గురించి కూడా ఎవరైనా చెబుతారా? వరస కూడా.

బొగ్గుపొర

మాటతో మొదలుపెట్టండి. ఇక్కడి కార్మికులు గనిని 'ప్యుట్' అంటారు. బావి అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. సింగరేణిలో 'బొగ్గు బాయి' అంటారు కదా, అచ్చం అదే. సుత్తిని ఇక్కడి పాతవాళ్లు 'మొటెక్' అంటారు, అది పోలిష్ మాట. 1870ల నుంచి తూర్పు నుంచి వచ్చిన పోలిష్ కూలీలు వదిలిన గుర్తు. 1961 ఒప్పందం తర్వాత తుర్కియే నుంచి వచ్చారు. కాటర్న్‌బెర్గ్ వీధుల్లో తలుపుల మీది పేర్లు చదివితే ఇదంతా కనిపిస్తుంది.

ట్సోల్‌ఫెరైన్ పాత షాఫ్టుల దగ్గర 'వాష్‌కావె' అనే స్నానాల భవనం ఉంది, ఇప్పుడు నాట్య కేంద్రం. అలాంటి హాల్లో ప్రతి మనిషికీ ఒక గొలుసు, కొసన కొక్కెం, బుట్ట. బట్టలు తగిలించి గొలుసు లాగితే కప్పు దాకా వెళ్లేవి, గొలుసుకు తాళం. కింద చోటు మిగిలేది, పైనున్న వేడి గాలికి తడి బట్టలు ఆరేవి. వీపు మీది బొగ్గు మసి తనంతట తనకు పోదు కాబట్టి ఒకరి వీపు ఒకరు రుద్దేవాళ్లు. ఏ దేశం వాడైనా సరే, పక్కవాడి వీపు రుద్దాల్సిందే. గని కార్మికులు తోటివాణ్ని పిలిచే 'కుంపెల్' అన్న మాటకున్న దగ్గరితనం అక్కడ పుట్టింది. మూల మీది చిన్న బడ్డీ కొట్లు చూడండి. 19వ శతాబ్దంలో కుళాయి నీళ్లు నమ్మదగ్గవి కానప్పుడు కూలీలకు సీసా నీళ్లు అమ్మడానికి పెట్టినవి.

కొలిమి

వరస ఇలా పెట్టుకోండి. శనివారం పొద్దున ప్రధాన స్టేషన్ కింది ప్లాట్‌ఫాం నుంచి గెల్సెన్‌కిర్షెన్ వైపు వెళ్లే 107 ట్రామ్ ఎక్కి 'ట్సోల్‌ఫెరైన్' స్టాప్‌లో దిగండి. ఎదురు దిశలో ఎక్కితే బ్రేడెనై పోతారు. ఆవరణ తిరగడానికి టికెట్ అక్కర్లేదు. కానీ యంత్రాల లోపలికి గైడ్‌తోనే పంపుతారు, పది మందికి ముందే బుక్ చేయాలి. మూసిన బూట్లు వేసుకోమనండి, జాలీ మెట్లుంటాయి. మ్యూజియానికి మూడు గంటలు, తర్వాత పావుగంట నడిస్తే కోక్ బట్టీలు.

ఆదివారం పొద్దున యు17 మెట్రో రైల్లో మార్గరేటెన్‌హ్యోఎ. మార్గరేటె క్రుప్ 1906లో పెట్టిన నిధితో, గేయోర్గ్ మెట్సెన్‌డోర్ఫ్ గీసిన తోటల కాలనీ. ఇప్పటికీ జనం కాపురముంటున్నారు, కిటికీల్లోకి కెమెరా పెట్టొద్దని చెప్పండి. అక్కడి నుంచి స్టేషన్‌కు తిరిగొచ్చి ఎస్6 లోకల్ రైల్లో ఎస్సెన్-హ్యూగెల్ స్టేషన్, అక్కడ 1873లో ఆల్ఫ్రెడ్ క్రుప్ కట్టుకున్న 269 గదుల ఇల్లు. ముందు రోజు కాటర్న్‌బెర్గ్ చూసిన కళ్లతో ఆ ఇంటి ముందు నిలబడితే ఎ40 గీత సంగతి మీరు విడిగా చెప్పక్కర్లేదు. సోమవారానికి వాయిదా వేయకండి, ఆ రోజు ఆ ఇల్లు మూసి ఉంటుంది.