సమస్య: “చేతికంటెఁ గాలు శ్రేష్ఠమయ్యె” (రాక్, మెటల్ డ్రమ్మర్లలో మేటి ఎవరు?)

ఈ వారం ఇస్తున్నది ఆటవెలది నాలుగో పాదం. రాక్ లేదా మెటల్ డ్రమ్మర్లలో మీరు మేటి అనుకునే వారి మీదే పూరణ ఉండాలి, షరతు అదొక్కటే. చే–శ్రే యతి చెల్లుతుంది. డప్పు, డోలు, మృదంగం అన్నీ చేతులతో పలికించేవే. డ్రమ్ సెట్ దగ్గర మాత్రం సగం బరువు కాళ్ళ మీద ఉంటుంది: కుడికాలు బేస్ డ్రమ్ పెడల్ మీద, ఎడమకాలు హై-హ్యాట్ (జంట తాళాలు) పెడల్ మీద. ఈ పాదం నాకు తట్టింది అక్కడే.

పూరణ 1

ఒక్క పెడలుతోడ నుర్రూత లూగించి
మూఁడు దెబ్బ లొక్క మోత గాఁగ
బోన మనెడివాని బూటు వేగము చూడఁ
జేతికంటెఁ గాలు శ్రేష్ఠమయ్యె

సమీక్ష: లెడ్ జెప్లిన్ బృందం డ్రమ్మర్ జాన్ బోనమ్‌ను తెచ్చారు, సంతోషం. 1969లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’ వినండి. బేస్ డ్రమ్ మీద వరసగా పడే ఆ దెబ్బలు రెండు పెడళ్ళవేమో అనిపిస్తాయి. ఉన్నది ఒక్కటే. మీ రెండో పాదం దాన్ని సరిగ్గా పట్టింది. ‘బోనము’ అనగానే డప్పుల ముందు నడిచే బోనాల ఊరేగింపు కళ్ళముందు కదిలింది, అది నాకు బాగా నచ్చింది. ఒక్క లోపం. ‘ఊగించి’ అన్న క్రియకూ ‘శ్రేష్ఠమయ్యె’ అన్న క్రియకూ కర్తలు వేరైపోయారు. ‘ఊగించు’ అంటే విశేషణమై బోనమ్‌కు అతుక్కుంటుంది, గణం కూడా చెడదు.

పూరించినవారు: ‘నుర్రూత లూగించు’ అని సవరించానండీ. కృతజ్ఞతలు.

పూరణ 2

రెండు కాళ్ళు మ్రోయ రెండు డ్రమ్ముల మీదఁ
బిడుగు పిదపఁ బిడుగు పిలిచినట్లు
స్లేయరందు డేవు చేతులు నిలిపినన్
జేతికంటెఁ గాలు శ్రేష్ఠమయ్యె

(‘రెండు డ్రమ్ముల’ దగ్గర ‘డు’ గురువవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. చూసి చెప్పగలరు.)

సమీక్ష: అవదు. తర్వాతిది వేరే పదం కాబట్టి ‘డు’ లఘువే. స్లేయర్ బృందం డ్రమ్మర్ డేవ్ లాంబార్డో పూర్తి పేరు ఆటవెలదిలో ఇమడదు, అందుకే ‘డేవు’ అన్నారని అర్థమైంది. 1986లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’ మొత్తం అరగంట లోపే. అందులోని ‘ఏంజెల్ ఆఫ్ డెత్’ చివర్లో గిటార్లు ఆగిపోయి కాళ్ళు మాత్రమే మోగే చోటు ఒకటుంది. మూడో పాదం రాసేటప్పుడు మీ చెవిలో అదే ఉండి ఉంటుంది. రెండో పాదంలో వరసగా పడిన నాలుగు న గణాలు ఆ మోతనే వినిపిస్తున్నాయి. వస్తువూ ఛందస్సూ ఇలా కలవడం అరుదు.

క్రీమ్ బృందం డ్రమ్మర్ జింజర్ బేకర్ మీద వచ్చిన పూరణలో ‘జింజరన్న పేరు వినగానె గుండెలో’ అన్న పాదానికి యతి లేదు. ‘చెవిసోక గుండెలో’ అంటే సరిపోతుంది. ఆయన 1966లోనే రెండు బేస్ డ్రమ్ములతో కూర్చున్నారు. జాజ్‌లో లూయీ బెల్సన్ అంతకన్నా ముందు.

పూరణ 3

నీలు చేయి వ్రాసె నిక్కమౌ పాటలు
నేర్పుతోడఁ గొట్టె నింగి యదర
ఎవ్వఁ డనియె నిట్టు లింగితం బెఱుఁగక
చేతికంటెఁ గాలు శ్రేష్ఠమయ్యె

సమీక్ష: సమస్యనే ఎదిరించి, ఆ మాట అన్నదెవడని నిలదీశారు! పాత అవధానుల పద్ధతి ఇది. రష్ బృందంలో 1974లో చేరిన నీల్ పియర్ట్ వాళ్ళ పాటల్లో చాలావరకు తానే రాశారు. పేరు శిఖరాన ఉండగా, 1990లలో, డ్రమ్ గురువు ఫ్రెడ్డీ గ్రూబర్ దగ్గర శిష్యుడిగా చేరి, కర్ర పట్టుకునే తీరే మార్చుకున్నారు. చేతి పక్షాన వాదించడానికి ఇంతకన్నా మంచి సాక్షి దొరకరు.

పూరణ 4

ఎడమచేయి పోయె నెనుబది నాల్గున
ఎడమకాలె దాని యెడము నింపె
రిక్కు వేదికెక్కె రెండవ యేఁటనే
చేతికంటెఁ గాలు శ్రేష్ఠమయ్యె

సమీక్ష: ఇది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. డెఫ్ లెపర్డ్ బృందం డ్రమ్మర్ రిక్ ఆలెన్. 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో ఎడమచేయి పోయింది. బృందం ఆయన్ని వదులుకోలేదు. ఎడమచేతితో వాయించేవాటిని ఎడమకాలి పెడళ్ళ మీదకు మార్చి ఎలక్ట్రానిక్ డ్రమ్ సెట్ చేయించుకున్నారు. 1986 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని డానింగ్టన్ వేదిక మీద వాయించారు. మరుసటి ఏడాది వాళ్ళ ఆల్బమ్ ‘హిస్టీరియా’ వచ్చింది. మిగతా పూరణల్లో శ్రేష్ఠత అంటే వేగం. ఇక్కడ పోయిన చేతి పనిని కాలు మోసింది. ‘ఎడమ’, ‘ఎడము’ అలా పక్కపక్కన కూర్చోవడం మీ అదృష్టం కాదు, మీ చెవి. పాదాల మధ్య విసంధి (సంధి చేయకుండా వదలడం) ఉంది. ‘నాల్గున నెడమకాలె’ అనండి, అంతే.

ఒక సభ్యురాలు: పద్యం సంగతి సరే. మేటి డ్రమ్మర్ ఎవరంటారు మీరు?

సమీక్షకుడు: పద్యాల్లో నాలుగోది. డ్రమ్మర్లలో బోనమ్. వేగం చూసి కాదు, మోత చూసి. 1980 సెప్టెంబరు 25న, 32 ఏళ్ళకే పోయారు. ఆ డిసెంబరులోనే మిగతా ముగ్గురూ బృందాన్ని ఆపేశారు. ఆ చోట ఇంకొకర్ని ఊహించుకోలేకపోయారు.

మరొక సభ్యుడు: ఒప్పుకోనండీ. ‘ది హూ’ బృందం డ్రమ్మర్ కీత్ మూన్ కూడా 32 ఏళ్ళకే, 1978లో పోయారు. వాళ్ళు కెన్నీ జోన్స్‌ను తీసుకుని కొనసాగారు. అంతమాత్రాన మూన్ తక్కువా? బృందం ఆగడం స్నేహానికి కొలత, వాద్యానికి కాదు.

సమీక్షకుడు: ఆ మాట నిజమే, ఆ వాదన వెనక్కి తీసుకుంటున్నాను. బోనమ్‌ను మాత్రం కాదు. 1971లో విడుదలైన లెడ్ జెప్లిన్ పాట ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ మొదటి కొన్ని క్షణాలు వినండి, ఇంకే వాద్యమూ రాకముందు. హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్ల అడుగున డ్రమ్ సెట్ పెట్టి, మైకులు పైన వేలాడదీసి రికార్డు చేశారు. వేగమేమీ లేదు, నింపాదిగా పడే దెబ్బలు. ఇల్లంతా మోగుతుంది. పైవారం సమస్య దాని మీదే, మళ్ళీ ఆటవెలది:

మెట్లక్రింద మ్రోగె మేఘగర్జ