జలేనాప్లావయత్: ఆ దీర్ఘం ఎవరిది?

అరసున్న: భారతం మౌసలపర్వంలో, జనం ద్వారక వదిలి కదలగానే సముద్రం ఊరిని ముంచిందని చెప్పే శ్లోకం. "నిర్యాతే తు జనే తస్మిన్ సాగరో మకరాలయః" వరకు నోటికి వస్తోంది. "ద్వారకాం రత్నసంపూర్ణాం" తరవాత "జలేన ప్లావయత్" అనాలా, "జలేనాప్లావయత్" అనాలా? న దగ్గర పట్టుకుంది.

గణవిభజన: "జలేనా" అనే అనాలి. అయితే ఛందస్సును సాక్ష్యానికి పిలవకండి. వెనక ప్లా ఉంది కనుక న పొట్టిదైనా గురువే. అయిదోది వ లఘువు, ఆరోది యత్ గురువు, రెండు పాఠాలూ నడుస్తాయి. లఙ్, అంటే భూతకాల రూపం, కనుక ధాతువు ముందు అడాగమం ("అ") ఉండాలి, అందుకే దీర్ఘం.

తాటాకు: అడాగమమేనని ఎలా తేల్చారు? జలేన + అప్లావయత్, జలేన + ఆప్లావయత్, సవర్ణదీర్ఘంలో రెండూ ఒకటే. నాది ఆఙ్ పక్షం, అంటే అది "ఆ" అనే ఉపసర్గ. అమరకోశం ఏమంది? "ఆప్లావ ఆప్లవః స్నానం." సముద్రం ఊరిని ముంచలేదు, తలమీంచి నీళ్ళు పోసింది. అంటే ఉప్పెన. అసలు ప్లు ధాతువుకు అర్థమే తేలడం, ప్లవమంటే తెప్ప.

గణవిభజన: భాగవతం చూడండి. "సముద్రోఽప్లావయత్ క్షణాత్." ఆఙ్ ఉంటే "సముద్ర ఆప్లావయత్" అయి పాదంలో తొమ్మిది అక్షరాలు పడేవి.

తాటాకు: అది భాగవతం సంగతి. భారతం ప్రతుల్లో ఆ వెంటనే "సంప్లావయామాస" ఉంది, ఉపసర్గతో సహా. అక్కడ సమ్ పట్టినవాడికి ఇక్కడ ఆఙ్ బరువా?

బమ్మెర: "మకరాలయః" కంటపడ్డాక ఇంకేం తోస్తుంది! "కరిఁ దిగుచు మకరి సరసికి"... నీళ్ళలో లాగులాట వినిపించాలంటే పోతనే. ద్వారక మునక ఆయన చేతిలో పడి ఉంటే!

తాటాకు: ఏకాదశ స్కంధం వెలిగందల నారయది.

బమ్మెర: తెలుసండీ. అందుకే "ఉంటే" అన్నాను. తిక్కనగారు మౌసలాన్ని ఏకాశ్వాసంలో ముగించారు, ఆ బాధ వేరు.

లంగరురాయి: ఉప్పెన అనేముందు నేల సంగతి చూడాలి. 1983 నుంచి పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఆర్. రావు బృందం ద్వారక దగ్గర దిగి చూసింది. చెక్కిన రాళ్ళు పది మీటర్లలోపు లోతులోనే కనిపించాయి. వాటి మధ్య మూడు బెజ్జాల లంగరు రాళ్ళు. పై బెజ్జంలో తాడు, కింది రెంటిలో కొయ్య మేకులు, ఇసుకలో గుచ్చుకోడానికి. బండల సందులో ఇరుక్కుంటే తాడు కోసేసి పోవడమే, అందుకే అక్కడ అన్ని మిగిలాయి. చిక్కేమిటంటే ఆ ఆకారం కంచుయుగం నుంచి మధ్యయుగం దాకా మారలేదు. రాయికి కార్బన్ పరీక్ష పనిచేయదు. లంగరు ఓడరేవును చూపిస్తుంది, ఊరి వయసు చెప్పదు.

ద్వారక దగ్గరి దీవి బేట్ ద్వారకలో మూడు తలల జంతువున్న, శంఖంతో చేసిన ముద్ర దొరికింది, అది గట్టి సరుకు. అక్కడి కుండపెంకుకు ఉష్ణదీప్తి (థర్మోలూమినెసెన్స్) పరీక్షలో సుమారు 3,500 ఏళ్ళు వచ్చాయి. అయితే అది కుండ కాలిన కాలం, గోడ కట్టిన కాలం కాదు.

అరసున్న: మరి గుజరాత్‌లోనే ఖంభాత్ సింధుశాఖ అడుగున నగరం దొరికిందన్న మాట?

లంగరురాయి: 2001లో సోనార్ బొమ్మలు, 30-40 మీటర్ల లోతు, సుమారు 9,500 ఏళ్ళ నాటి కొయ్యముక్క. ఆ ముక్క డ్రెడ్జి బక్కెట్లో పైకి వచ్చింది. ఏ పొరలో ఉందో చూసినవాళ్ళు లేరు. నర్మద, తపతి వరదలో కొట్టుకొచ్చిన కొయ్య కూడా అంతే పాతది కావచ్చు. దాన్ని పట్టుకుని నగరం వయసు చెబితే ఎలా?

గణవిభజన: అయితే ఉప్పెనా కాదు, స్నానమూ కాదు. "నిర్యాతే తు జనే" అన్నాడు, ముందు జనం ఖాళీ చేశారు, వెనక నీళ్ళు వచ్చాయి. తెలుగులో దానికి మాట "ముంపు". నాగార్జునకొండ మునిగినట్టు.

తాటాకు: నాగార్జునకొండకు నీళ్ళు వస్తాయని ముందే తెలుసు, 1954 నుంచి తవ్వుకున్నారు.

బమ్మెర: ద్వారకకూ తెలుసుగా! "సముద్రః సప్తమే హ్యేనాం పురీం చ ప్లావయిష్యతి." కృష్ణుడు ఉద్ధవుడికి వారం ముందే చెప్పాడు.

తాటాకు: అందులోనూ ఆఙ్ లేదన్నది ఒప్పుకుంటాను. భవిష్యత్తుకు అడాగమం రాదు కనుక అది నాకు వ్యతిరేకసాక్ష్యం కాదు.

అరసున్న: ఇంతకీ న మీద దీర్ఘం పెట్టి చదవనా?