విజయవాడ జిల్లా జైల్లో చదువు చెప్పాలంటే దేంతో మొదలుపెట్టాలి?

బెజవాడ బడి:
గాంధీనగర్ జిల్లా జైల్లో వారానికి 3 రోజులు, రోజుకు గంటన్నర చదువు చెప్పడానికి ఐదుగురు టీచర్లం సిద్ధంగా ఉన్నాం. ఓపెన్ స్కూల్ పదో తరగతికి కూర్చోబెడదామని ఆలోచన. బయటికెళ్లిన మనిషి మళ్లీ లోపలికి రాకుండా ఉండటానికి ఆ సర్టిఫికెట్ పనికొస్తుందా, ఏదైనా పని నేర్పడం మేలా?

పలకాబలపం:
అక్కడ పదో తరగతితో మొదలుపెట్టకండి. జిల్లా జైల్లో ఎక్కువగా ఉండేది రిమాండ్ వాళ్లే. దేశం మొత్తమ్మీద 2022 చివరికి జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. ఇవాళ క్లాసులో ఉన్నవాడికి రేపు బెయిలు రావచ్చు. శిక్ష పడితే రాజమహేంద్రవరం సెంట్రల్ జైలుకు పంపొచ్చు. ఏడాది సిలబస్ అక్కడే తెగిపోతుంది. సగంలో ఆగిన చదువు మనిషిని ఇంకా కుంగదీస్తుంది.

12 పాఠాలు పెట్టుకోండి, ఏ రోజు పాఠం ఆ రోజే అయిపోవాలి. సంతకం, ఫారం నింపడం, బ్యాంకు ఓచరు, కూలి లెక్క, నూటికి మూడు రూపాయల వడ్డీ ఏడాదికి ఎంతవుతుందో లెక్క. వీటన్నిటికన్నా ముఖ్యం, తన కేసు కాగితాలు తాను చదువుకోవడం: ఎఫ్‌ఐఆర్ నంబరు, సెక్షన్లు, వాయిదా తేదీ. అక్షరాల మీద ఆశ లేనివాళ్లను కూడా కూర్చోబెట్టే పాఠం ఇది.

మొదటిరోజే ఒక పేరా చదివించి మూడు జట్లు చేయండి: చదవలేనివాళ్లు, కూడబలుక్కునేవాళ్లు, గడగడా చదివేవాళ్లు. మూడో జట్టు మొదటి జట్టుకు నేర్పాలి. మీరు రాని రోజు కూడా క్లాసు నడుస్తుంది.

అనుమతికి సూపరింటెండెంట్‌కు అర్జీతోపాటు టీచర్ల ఆధార్ నకళ్లు, పాఠాల పట్టిక, లోపలికి తెచ్చే వస్తువుల జాబితా ఇవ్వండి. కత్తెర, కంపాస్ లాంటివి అసలు రాయకండి. నోటుపుస్తకాలు పిన్నులు లేకుండా జిగురుతో అంటించినవి తీసుకోండి.

గుంటూరు మిత్ర:
శిక్ష పడి ఏళ్లతరబడి ఉండేవాళ్లకు మాత్రం ఓపెన్ స్కూలే సరైనది. ఎన్‌ఐఓఎస్‌లో, అంటే కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్లో, ఒకసారి చేరితే అయిదేళ్లు, 9 అవకాశాలు. పాసైన సబ్జెక్టు ఎక్కడికీ పోదు. జైలు మారినా నమోదు సంఖ్య మనిషి దగ్గరుంటే చదువు సాగుతుంది. పైచదువుకు ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ) ఖైదీల దగ్గర ఫీజు తీసుకోదు, ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది. చిక్కంతా పేరు దగ్గర వస్తుంది. వారెంటులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది. చేర్పించే ముందే సరిచూడండి.

ఆటోనగర్ వెల్డర్:
అమెరికాలో ర్యాండ్ సంస్థ 2013లో పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, లోపల చదువుకున్నవాళ్లు తిరిగి జైలుకు రావడం 13 శాతం పాయింట్లు తక్కువని తేలింది. అయితే చదువుకు ముందుకొచ్చేవాడిలో మారాలన్న పట్టుదల ముందే ఉండొచ్చు, ఘనతంతా క్లాసుకే కట్టబెట్టలేం.

పని నేర్పేటట్లయితే విడుదలకు ముందే ఆటోనగర్‌లో ఒక షెడ్డు యజమానితో మాట్లాడి పెట్టండి. వెల్డింగ్, టింకరింగ్, పెయింటింగ్ పనులకు సర్టిఫికెట్ కన్నా చేతిపనే చూస్తారు. కానీ మొదటి జీతం వచ్చేదాకా తిండికీ గదికీ దారి లేకపోతే పాత స్నేహాలే దిక్కవుతాయి.

ఇంకోటి. బెయిలు మీద వెళ్లినవాడు వాయిదా తప్పితే నాన్‌బెయిలబుల్ వారెంటు వస్తుంది, కొత్త నేరం చేయకుండానే మళ్లీ లోపలికి. వెళ్లేరోజు జేబులో ఒక కార్డు పెట్టండి: కోర్టు పేరు, కేసు నంబరు, వాయిదా తేదీ, లాయరు ఫోను, ఉచిత న్యాయసహాయం నంబరు 15100.

బెజవాడ బడి:
కార్డును పన్నెండో పాఠంగా పెడతాం. ఎవరిది వాళ్లే రాసుకుంటారు.