హోటల్లో ఎల్పీ రికార్డులు వినిపిద్దామనుకుంటున్నా: ఉప్పుగాలి, తాలింపు పొగ నుంచి ఎలా కాపాడుకోవాలి?

వైజాగ్ వంటమాస్టారు:

అందరికీ నమస్కారం. నేను వంటవాణ్ణి. చాలా ఏళ్లు క్రూయిజ్ షిప్పుల్లో, తర్వాత సింగపూర్‌లో ఒక హోటల్లో పనిచేసి, ఇప్పుడు విశాఖలో సొంతంగా చిన్న భోజనహోటల్ నడుపుతున్నాను. బీచ్ రోడ్డుకి దగ్గర, ఎనిమిది టేబుళ్లు.

ఓడలో పనిచేసినవాళ్లకి తెలుసు, రేవులో దిగితే చేతిలో ఉండేది నాలుగైదు గంటలే. మావాళ్లు సిమ్ కార్డుల కోసం, వైఫై కోసం పరిగెత్తేవాళ్లు. నేను మాత్రం పాతసామాన్ల సంత ఎక్కడని అడిగేవాణ్ణి. లిస్బన్‌లో ఫెయిరా ద లాద్రా అని మంగళ, శనివారాల్లో జరిగే సంత ఒకటుంది, రేవు నుంచి గట్టెక్కి నడిచి వెళ్లొచ్చు. మా ఓడ మంగళవారం ఆగిందంటే నాకు పండగే. నేలమీద దుప్పటి పరిచి, ఇత్తడి గరిటెలు, పాత తాళాల పక్కనే పోర్చుగీసు గాయని అమాలియా రోడ్రిగ్స్ ఫాడో (అక్కడి విషాద గీతాలు) ఎల్పీలు పెట్టేవాళ్లు. పోర్చుగీసు నాకొక్క ముక్క రాదు. అయినా ఆవిడ రాగం తీస్తే కూర ఎక్కడ దించాలో మర్చిపోతాను.

కొన్నాను సరే, ఓడలో వినే వీల్లేదు. ఇద్దరం పడుకునే కేబిన్, కెరటాలకి ఊగే నేల, ముల్లు ఎక్కడ నిలుస్తుంది? బంకు కింద గట్టి అట్టల మధ్య నిలబెట్టి దాచేవాణ్ణి. కాంట్రాక్టు అయిపోయి ఇంటికొచ్చాకే వినడం. అన్నాళ్లూ రాత్రి డ్యూటీ దిగి, కవర్ మీద బొమ్మ చూస్తూ లోపల పాట ఎలా ఉంటుందో ఊహించుకునేవాణ్ణి. ఇంటికొచ్చేటప్పుడు సూట్‌కేసు మధ్యలో రికార్డులు, చుట్టూ షెఫ్ కోట్లు, అడుగున కత్తుల చుట్ట. కవర్‌తో కలిపి ఒక్కో ఎల్పీ పావుకిలో దాకా తూగుతుంది, అందుకని చాక్లెట్లు తగ్గించేవాణ్ణి.

సింగపూర్‌లో ఉన్నప్పుడు సెలవు రోజంతా సుంగే రోడ్డు సంతలోనే. 2017 జూలైలో దాన్ని మూసేశారు, నాకు ఇప్పటికీ బాధే. టార్పాలిన్ మీద మలయ్ పాటల ఈపీలు (చిన్న రికార్డులు), తమిళ రికార్డులు, వాటి అడుగున ఒక రోజు నాటకాల గాయకుడు ఈలపాట రఘురామయ్యగారి పద్యాల 78 (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డు) దొరికింది. ఏ తెలుగాయన అంత దూరం మోసుకెళ్లాడో, ఎవరింట్లో మోగిందో! చొక్కా విప్పి అందులో చుట్టి, బనీనుతో బస్సెక్కాను.

ఇప్పుడు అసలు సంగతి. టోక్యోలో జాజ్ కిస్సాలని కాఫీ కొట్లుంటాయి. ఒక్క కాఫీ చెప్పి గంటలు కూర్చోవచ్చు. చాలాచోట్ల మాటలు వద్దంటారు, రికార్డు వినడమే పని. మోగుతున్న రికార్డు కవర్‌ని అందరికీ కనబడేలా నిలబెడతారు. అలాంటిదే నా హోటల్లో చేద్దామని. మంగళవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడున్నర నుంచి ఐదున్నర వరకు వంటిల్లు ఖాళీ. ఎవరైనా రావచ్చు, కూర్చుని వినొచ్చు, నచ్చితే ఇంటికి తీసుకెళ్లి విని, తిరిగి తేవచ్చు.

కానీ ఇక్కడ గాలిలో ఉప్పు, తేమ. కొన్ని రికార్డుల మీద అప్పుడే తెల్లచుక్కలు మొదలయ్యాయి. వంటింట్లో రోజుకి ఎన్ని తాలింపులు వేస్తామో చెప్పక్కర్లేదు. నా దగ్గరున్నది బెల్టుతో రికార్డు తిప్పే టర్న్‌టేబుల్. హోటల్‌కి అది సరిపోతుందా? రికార్డులు శుభ్రం చేసేదెలా? బయటికి ఇవ్వడం మంచిదేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ సౌండు రిపేరు:

మాస్టారూ, చదువుతుంటే ముచ్చటేసింది. పాత యాంప్లిఫయర్లు, టర్న్‌టేబుళ్లు బాగుచేయడం నా పని, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు టర్న్‌టేబుల్ ఎక్కడ పెడుతున్నారో చూడండి. స్పీకర్లున్న బల్లమీద ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. స్పీకరు అదురు ముల్లుకెక్కి, మళ్లీ స్పీకర్లోంచి వచ్చి, సౌండు కాస్త పెంచగానే హోరు మొదలవుతుంది. ఫ్రిజ్జు కంప్రెసరు ఉన్న గోడా వద్దు. వంటింటి తలుపుకి ఎదురుకొస గోడ చూసుకుని, ఇనప బ్రాకెట్లు దింపి, వాటిమీద కడపరాయి పలక వేయించండి. వంటగట్టు వేసే రాయే. పైన టర్న్‌టేబుల్ పెడితే జనం నడిచినా ముల్లు ఎగరదు.

బెల్టుది చెడ్డదేం కాదు, ఇంటికి బాగుంటుంది. మన వేడికి రబ్బరు సాగుతుంది, అప్పుడు పాట స్పీడు తేడా వచ్చి శ్రుతి జారుతుంది. దాంతోనే మొదలుపెట్టినా స్పేర్ బెల్టు ఒకటి దగ్గరుంచుకోండి. రోజూ వాడేచోటికి మోటారు నేరుగా పళ్లేన్ని తిప్పేది మేలు. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 అని 1972లో వచ్చింది, డిస్కోల్లో రాత్రంతా తిరిగి పేరు తెచ్చుకుంది. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలకండి.

టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి ఎర్త్ తీగని ఫోనో ప్రీయాంప్ (టర్న్‌టేబుల్ సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టె) వెనక స్క్రూకి బిగించండి. చాలామంది వదిలేసి, గుయ్ మంటోందని నాకు ఫోన్ చేస్తారు. ముల్లు రికార్డు మీద మోపే బరువు కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న భాగం) కంపెనీ చెప్పినంతే పెట్టాలి, ఎక్కువగా ఒకటిన్నర, రెండు గ్రాముల మధ్య ఉంటుంది. తేలిగ్గా పెడితే రికార్డు అరగదనుకుంటారు. నిజానికి తేలికైన ముల్లు గాడిలో నిలవక గోడల్ని కొడుతుంది, నష్టం అప్పుడే ఎక్కువ.

ఇక నూనె పొగ. ముల్లు కొసకి జిడ్డు పట్టిందంటే దుమ్మంతా అక్కడ ముద్దకడుతుంది. వింటున్నంతసేపూ బాణలి పొయ్యి మీద ఉండకూడదు. తాలింపులన్నీ అయ్యాక కూడా ఎగ్జాస్ట్ కొంతసేపు తిరగనిచ్చి, అప్పుడు టర్న్‌టేబుల్ మూత తియ్యండి.

విజయనగరం తాతయ్య:

చిరంజీవి వంటమాస్టారికి ఆశీస్సులు. రఘురామయ్యగారి రికార్డు అనగానే లేచి కూర్చున్నాను. మా నాన్నగారు ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ 78లు గుడ్డలో చుట్టి ఉంచేవారు. ఒక వైపుకి దక్కేది మూడు నిమిషాల పైచిలుకు. అంతలోనే రాగం మొహం చూపించి కృతి ముగించేవారు. మా ఊరి సంగీత కళాశాలకి ప్రిన్సిపాలుగా చేసిన మనిషి, ఆ వాయిద్యం ఎదురుగా కూర్చుని విన్నవాళ్లు నాకు తెలుసు.

78కీ ఎల్పీకీ ఒకే మర్యాద పనికిరాదు నాయనా. ఎల్పీ వినైలు, 78 లక్క. లక్కలో రాతిపొడి కలిపి చేస్తారు. దాన్ని స్పిరిటుతో తుడిచావంటే పైపొర కరిగిపోతుంది, ఇక వినడానికేం మిగలదు. తడిపి పిండిన మెత్తటి గుడ్డతో గాడి వెంట తుడిచి, వెంటనే పొడిగుడ్డ వెయ్యి, చాలు. ముల్లూ వేరే. 78 గాడి వెడల్పు. ఎల్పీ ముల్లు దాని అడుగున దొర్లుతూ మట్టిని తవ్వుతుంది తప్ప పాటని పట్టుకోదు. 78లకని వెడల్పు ముల్లు విడిగా అమ్ముతారు. కీ ఇచ్చే పాత గ్రామఫోను మీద వేస్తే మాత్రం ఒక్కో వైపుకి ఒక్కో ఉక్కుముల్లు. పిసినారితనం పనికిరాదు.

జారిపడితే 78 పెంకులైపోతుంది. అలాంటిది ఎవరికీ ఇవ్వకు. ముందు ఒకసారి సరైన ముల్లుతో కంప్యూటర్లోకి ఎక్కించుకో. మా ఇంటికి తెచ్చినా సరే, నా దగ్గర ఆ ఏర్పాటంతా ఉంది.

తెల్లచుక్కలు బూజు. అది వినైలుని తినదు, దానికి తిండి పాత కాగితపు కవరూ, మన వేళ్ల జిడ్డూ. ఎల్పీలు డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే సబ్బు ఒకే ఒక్క చుక్క వేసి, మెత్తటి బ్రష్షుతో గాడి వెంట గుండ్రంగా కడుగు. మధ్యలో లేబుల్ తడవనీయకు. మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీ హోటల్లో ప్లేట్లు ఆరబెట్టే స్టాండులోనే నిలబెట్టు. ఆరాక పాత లోపలి కవర్లో పెట్టకు, బూజు మళ్లీ వస్తుంది. కొత్తవి కొను. బీరువాలో నిలువుగా, సిలికా పొట్లాలతో. పడుకోబెట్టి దొంతర పెడితే వంకర తిరుగుతాయి.

కోర్టు హాలు నంబరు మూడు:

అన్నా, ఒక చిన్న మాట. ఇంట్లో వింటే ఎవరూ అడగరు. హోటల్లో నలుగురికి వినిపిస్తే, టికెట్ పెట్టకపోయినా, అది బహిరంగ ప్రదర్శన కిందికే వస్తుంది. రికార్డింగు హక్కుల తరఫున పీపీఎల్, పాట రాసినవాళ్లూ బాణీ కట్టినవాళ్ల తరఫున ఐపీఆర్ఎస్ లైసెన్సులిస్తాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండు రికార్డింగు మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాత 78లు చాలావరకు ఆ గడువు దాటేశాయి. కానీ సాహిత్యానికీ బాణీకీ లెక్క వేరే, కర్త పోయాక మరో 60 ఏళ్లు. మొదటి మంగళవారానికి ముందే రెండు ఆఫీసులకీ ఉత్తరం రాసి, మీ హోటల్ సైజుకి ఎంతవుతుందో కనుక్కోండి.

గాజువాక కుర్రోడు:

అన్నయ్యా, తప్పుగా అనుకోకు. ఇన్ని తిప్పలెందుకు? ఆ పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి. మంచి బ్లూటూత్ స్పీకరు తగిలిస్తే బూజూ లేదు, ముల్లూ లేదు. తినడానికొచ్చేవాళ్లు ఎలాగూ కబుర్లాడుకుంటారు కదా.

వైజాగ్ వంటమాస్టారు:

తాతయ్యగారూ, బెజవాడ అన్నా, లాయరుగారూ, మీరు రాసింది ప్రింటు తీసి వంటింటి తలుపుకి అంటించాను. మా కుర్రాళ్లు కూడా చదివారు. లైసెన్సు ఉత్తరాలు ఈ వారమే రాస్తాను.

తమ్ముడూ, తప్పుగా ఏం అనుకోలేదు. టోక్యోలో ఆ కాఫీ కొట్లు ఎందుకు పెరిగాయో తెలుసా? యుద్ధం తర్వాత అక్కడ విదేశీ రికార్డులు మామూలు జీతగాడు కొనలేనంత ఖరీదు. కొట్టువాడు కొని పెట్టేవాడు, కుర్రాళ్లు కాఫీ డబ్బులిచ్చి వినేవాళ్లు. ఒక మనిషి దగ్గరున్న రికార్డు వీధి మొత్తానికి చేరేది. ఫోన్లో ఎవరి పాట వాళ్లు, ఎవరి చెవిలో వాళ్లు. రఘురామయ్యగారి పద్యం మోగుతుంటే పక్క టేబుల్ ముసలాయన తర్వాతి పాదం అందుకున్నాడనుకో, నాకు కావలసింది అది. కబుర్లాడుకోనీ, నేనేం ఆపను. సైడు అయిపోగానే ముల్లు లేపడానికి ఒకళ్లు లేవాలి, అప్పుడు అందరూ అటు చూస్తారు. ఆ కవర్ చేతులు మారుతుంది, ఇదెక్కడిది అని ఎవరో ఒకరు అడుగుతారు.

ఇంకోటి, ఎల్పీ ఒక సైడు ఇరవై నిమిషాలు. నిదానంగా తింటే ఒక ప్లేటు తినడానికీ అంతే పడుతుంది. అందుకే మొదటి మంగళవారం అమాలియాగారి ఒక సైడు, దాంతో లిస్బన్‌లో తిన్న చేపల పులుసు. వంజరం ముక్కలు, బంగాళాదుంప, ఉల్లిపాయ, టమాటా పొరలు పొరలుగా పేర్చి, ఆలివ్ నూనె పోసి, మూతపెట్టి సన్నసెగన మగ్గించాలి. గరిటె పెట్టకూడదు, గిన్నె పట్టుకుని కుదపడమే. దానికి తాలింపు లేదు, పైగా మూడింటికల్లా దించేస్తాం కాబట్టి బెజవాడ అన్న చెప్పిన పొగ బాధా ఉండదు. రెండో సైడుకి కాఫీ.

బయటికివ్వడం గురించి ఇలా అనుకుంటున్నా. 78లు బీరువా దాటవు. ఎల్పీల్లో నా దగ్గర రెండేసి కాపీలున్నవాటిలో ఒక్కోటి ఇస్తాను, రెండు వారాలకి. కౌంటరు దగ్గర నోటుపుస్తకం ఉంటుంది. తీసుకెళ్లినవాళ్లు పేరు రాయాలి, తిరిగి తెచ్చినప్పుడు ఇంట్లో ఎవరెవరు విన్నారో ఒక ముక్క రాయాలి. డిపాజిట్ వద్దనుకున్నాను. టర్న్‌టేబుల్ లేనివాళ్లు మంగళవారం వచ్చి, ఏ రికార్డు వెయ్యాలో వాళ్లే చెప్పొచ్చు.

బెజవాడ అన్నా, కడపరాయి ఎంత మందం వెయ్యమంటారు? బుధవారం మేస్త్రి వస్తున్నాడు. నా దగ్గరున్న పాత బెల్టు కొలిచి, పొడుగూ వెడల్పూ మీకు మెసేజ్ పెడతాను, అలాంటిది దొరికితే రెండు పంపండి.

తాతయ్యగారూ, రఘురామయ్యగారి రికార్డు పార్సిల్లో పంపను, నేనే పట్టుకొస్తాను. మీకు ఏ సోమవారం వీలో చెప్పండి, మా హోటల్‌కి అదే సెలవు. ద్వారంవారి రికార్డులు ఇంకా మీ దగ్గరుంటే ఆ రోజు ఒక్కటైనా వినిపించాలి. భోజనం నేను తెస్తాను.