రన్నర్‌ని ముందుకి పంపేశారు, బాల్ కొట్టనే లేదు! బేస్‌బాల్‌లో ఇది బాక్ (రన్నర్ ఉన్నప్పుడు పిచర్ చేసే తప్పు) అవుతుందా?

ఎంవీపీ నాన్న:
మా వాడికి 13 ఏళ్లు, బేస్‌బాల్‌లో పిచర్, అంటే బ్యాటర్‌కి బాల్ విసిరేవాడు. ఆదివారం ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ మ్యాచ్, ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉన్నాడు, వీడు సెట్ పొజిషన్‌లో (పిచర్ పక్కకి తిరిగి నిలబడే భంగిమ) చేతులు కలిపి వెంటనే విసిరేశాడు, అంపైర్ బాక్ అని రన్నర్‌ని సెకండ్ బేస్‌కి పంపేశారు. నాకైతే ఒక క్షణం ఆగినట్టే అనిపించింది. అంతకుముందు ఇన్నింగ్స్‌లో బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు ఇలాగే వేస్తే ఏమీ అనలేదు. వాడు రాత్రి అన్నం కూడా సరిగా తినలేదండీ. కోచ్ దీని మీద ప్రొటెస్ట్ చేయొచ్చా?

గాజువాక అంపైర్:
రెండుసార్లూ అంపైర్ చేసింది సరైనదే సార్. రన్నర్ ఉంటే సెట్ పొజిషన్‌లో రెండు చేతులూ ఒంటి ముందు కలిపి పూర్తిగా ఆగాలి, ఆగకపోతే బాక్, రన్నర్లందరికీ ఒక్కో బేస్. బేస్‌లు ఖాళీగా ఉంటే ఆగక్కర్లేదు, బ్యాటర్ సిద్ధం కాకముందే విసరకపోతే చాలు. ఇక ఆగాడా లేదా అన్నది అంపైర్ కంటితో చూసి చెప్పేది, సేఫ్, అవుట్ లాగా, దాని మీద ప్రొటెస్ట్ కుదరదు. రూలే తప్పుగా పెడితే వేరే సంగతి. రన్నర్ లేకుండా బాక్ ఇచ్చారనుకోండి, అప్పుడు కోచ్ తర్వాతి పిచ్ పడకముందే వెళ్లి మర్యాదగా అడగాలి. ఏ రూల్ బుక్కుతో ఆడుతున్నారో ముందే తెలుసుకోండి, లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ సంస్థ) రూల్స్‌లో 12 ఏళ్ల వరకు ఉన్న మేజర్స్ డివిజన్‌కి అసలు బాక్ లేదు, ఇల్లీగల్ పిచ్ అని బ్యాటర్ లెక్కలో ఒక "బాల్" (చెడ్డ పిచ్) కలుపుతారు.

సీతమ్మధార కోచ్:
ఇంకోటి చూసుకోండి. మన ఉక్కపోతకి పిల్లలు చేతులు కలిపాక చెమట తుడుచుకోవడానికి ఒక చెయ్యి తీసేస్తారు, అదీ బాకే. ముందు పివట్ కాలు (రబ్బరుకి ఆనించి ఉండే కాలు) రబ్బరు, అంటే పిచర్ నిలబడే పలక, వెనక్కి తీసి, ఆ తర్వాత తుడుచుకోమనండి. ఆగడానికి మా పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే, చేతులు కలిశాక లోపల "ఒకటి, రెండు" అనుకుని కాలు లేపు అని. మీ వాడితో ఈ వారం రోజూ పాతిక సార్లు బాల్ లేకుండా చేయించండి.

ఎంవీపీ నాన్న:
చెమట సంగతి నిజమే అన్నా, వీడు ప్యాంటుకి తుడుస్తూనే ఉంటాడు. నేను అంపైర్ మీద గట్టిగా అరిచాను, వచ్చే ఆదివారం కలిసి సారీ చెప్తాను.