నాయనతో కలిసి వేసే డాన్స్‌కు ఏ పాట పెట్టుకోవాలి?

మిద్దె మీది మల్లె (కడప)

వచ్చే నెలలో నా పెండ్లి. కడపలోనే, మా ఇంటికి దగ్గర్లోని ఫంక్షన్ హాల్లో. మా వైపు అలవాటు ప్రకారం రిసెప్షన్ ముందురోజు రాత్రి, ముహూర్తం తెల్లవారుజామున. ఆ రిసెప్షన్‌లో నేనూ మా నాయనా కలిసి ఒక పాటకు డాన్స్ చెయ్యాలని నా కోరిక. పాట తేలడం లేదు. రెండు వారాలుగా ఇదే టెన్షన్.

మా నాయన గురించి చెప్తేగానీ నా ఇబ్బంది మీకు అర్థం కాదు. ఆయన బస్సు డ్రైవరు. ముప్పై ఏండ్లుగా స్టీరింగే. ఎక్కువ కాలం కడప నుంచి తాడిపత్రి మీదుగా అనంతపురం రూటు. క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు అరిగిపోయింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు. మాట తక్కువ. నేను ఉద్యోగానికి మొదటిసారి బెంగళూరు పోయేరోజు బస్సు ఎక్కి, నా బ్యాగు పైన పెట్టి, "ఈ పక్క కూర్చో, ఎండ పడదు" అన్నాడు. అంతే, దిగిపోయినాడు. ఆ టైముకు ఎండ ఏ వైపు నుంచి వస్తుందో చూసుకొని సీటు పట్టినాడని బస్సు ఊరు దాటినాక తెలిసింది నాకు.

డాన్స్ అనగానే వద్దన్నాడు. మూడు రోజుల తర్వాత అన్నం తింటూ తింటూ, తల ఎత్తకుండా, "ఏం పాట?" అని అడిగినాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సరైన పాట దొరక్కపోతే ఆయన అంత దూరం వచ్చింది వృథా అయిపోతుందని భయం.

పెండ్లికొడుకు వాళ్లు బెంగళూరులో స్థిరపడినవాళ్లు. వాళ్లు మాట్లాడిన ఈవెంట్ అబ్బాయి మూడు ఇంగ్లీషు పాటలు పంపినాడు. వినడానికి బాగున్నాయి. కానీ నాయనకు ఒక్క ముక్క తెలియదు. తెలియని పాటకు నా చెయ్యి పట్టుకొని అంతమందిలో నిలబడమని ఎట్లా అడగను? సినిమాల్లో నాన్న మీద ఉన్న పాటలు కూడా చాలా విన్నాను. ఎక్కువ వాటిలో కూతురు వెళ్లిపోతున్నదని ఏడుపే. ఆయన కళ్లల్లో నీళ్లు చూస్తే నేను ఆగలేను. తెల్లవారితే పీటల మీద కూర్చోవాలి.

నాయన నోట నేను విన్న పాట ఒక్కటే, అన్నమయ్య 'జో అచ్యుతానంద'. నన్ను ఊయలలో వేసి అదే పాడేవాడని అమ్మ చెప్తుంది. ఇప్పటికీ డ్యూటీ దిగొచ్చి స్నానం చేసేటప్పుడు కూనిరాగం తీస్తాడు. కానీ అది లాలి పాట. పెండ్లిలో లాలి పాడితే బాగుంటుందా? అసలు దానికి అడుగులు పడతాయా? ఫోనులో పెట్టుకొని అద్దం ముందు ప్రయత్నించాను. ప్రతిసారీ రెండో మాటకే కాలు తప్పుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు, ఇప్పుడు న్యూజెర్సీ)

చెల్లెమ్మా, ఈ పద్ధతి మామూలైన అమెరికాలో ఎట్లా చేస్తారో చెప్తాను, నీకు కొంత ధైర్యం వస్తుంది. ఇక్కడ పెండ్లి విందులో మామూలుగా ముందు కొత్త జంట డాన్స్, ఆ తర్వాత పెండ్లికూతురు తండ్రితో, పెండ్లికొడుకు తల్లితో. నేను చూసిన పెండ్లిళ్లలో స్టెప్పులు నేర్చుకొని వచ్చిన తండ్రులు చాలా తక్కువ. ఒక చెయ్యి పట్టుకొని, ఇంకో చెయ్యి కూతురి వీపుకు ఆనించి, అటూ ఇటూ మెల్లగా ఊగుతారు. ఊగుతూ ఏదో మాట్లాడుకుంటారు. అంతకు మించి ఏమీ ఉండదు. మోకాలి నొప్పి ఉన్నా చెయ్యొచ్చు.

పాట పొడుగు మాత్రం చూసుకో. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1967లో పాడిన 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్' ఇక్కడ చాలామంది పెట్టుకుంటారు. అది రెండున్నర నిమిషాల లోపే అయిపోతుంది. స్టీవీ వండర్ తనకు కూతురు పుట్టినప్పుడు రాసుకున్న పాట 1976 ఆల్బంలో ఆరు నిమిషాలు దాటుతుంది. మా ఆఫీసులో ఒకాయన దాన్ని పూర్తిగా పెట్టించుకున్నాడు. మూడో నిమిషానికే తండ్రీ కూతుళ్లు ఇద్దరూ డీజే వైపు చూడడం మొదలుపెట్టారు. రెండు, రెండుంబావు నిమిషాలు చాలు.

నాయనకు తెలియని పాట వద్దన్నావు చూడు, ఆ మాట మీదనే ఉండు.

ఒంటిమిట్ట పెద్దమ్మ

అమ్మాయీ, నా మాటకు కోపం తెచ్చుకోవద్దు. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం రాత్రి, పండు వెన్నెల్లో జరుగుతుంది, నీకు తెలిసే ఉంటుంది. ఎన్నో ఏండ్లు ఆ వెన్నెల్లో కూర్చొని చూసినాను. సీతమ్మ చెయ్యి రాముడి చేతిలో పెట్టే ఘట్టం వచ్చేసరికి నా పక్కన కూర్చున్న ఆడవాళ్లందరూ కొంగు కళ్లకు ఒత్తుకుంటారు. ఎవరి నాయన వాళ్లకు గుర్తొస్తాడు. మీ నాయన కూడా అల్లుడి కాళ్లు కడిగి, నీ చెయ్యి ఆయన చేతిలో పెట్టి నీళ్లు వదులుతాడు గదా. తండ్రీ కూతుళ్లకు అంతకంటే పెద్ద ఘడియ ఏముంది? కన్యాదానం చేసే మనిషి ఉపవాసం ఉండాల, తెల్లవార్లూ మేలుకోవాల. ముందు రాత్రి ఆయనను స్టేజీ మీద నిలబెట్టడం నాకు మనసొప్పడం లేదు.

మిద్దె మీది మల్లె (కడప)

పెద్దమ్మా, కోపం ఎందుకు వస్తుంది? ఆయన ఆరోగ్యం గురించి మీరు చెప్పింది నిజమే. అందుకే భోజనాలకు ముందే, ఎనిమిది లోపల ముగించి ఆయనను పడుకోబెట్టాలని అనుకున్నాను.

కన్యాదానం మంత్రాలు అర్థంతో సహా ఒకసారి చదువుకున్నాను. ధర్మే చ, అర్థే చ, కామే చ అని నాయన అడిగేది అల్లుడిని. నాతిచరామి అని జవాబు చెప్పేది అల్లుడు. నా చెయ్యి వాళ్లిద్దరి మధ్యన ఉంటుంది. నాతో మాత్రం ఆ కాసేపట్లో నాయన చెప్పే మాట ఒక్కటి కూడా లేదు. మామూలుగానే ఆయన నాతో నాలుగు మాటలు మాట్లాడడు. రెండు నిమిషాలు ఆయన నా వైపు తిరిగి నిలబడాలని, నా కోసమే నిలబడాలని ఆశ పెద్దమ్మా. వేరే ఏమీ లేదు.

తక తకిట (అనంతపురం)

అమ్మా, నేను సంగీతం చెప్తాను, ఇరవై రెండేళ్లుగా. నీ కాలు తప్పడం నీ లోపం కాదు. నువ్వు నాలుగు లెక్కపెడుతున్నావు, పాట ఐదులో ఉంది. మనం వినే సినిమా పాటలు ఎక్కువగా నాలుగులోనో మూడులోనో నడుస్తాయి, కాళ్లకు అవే అలవాటు. ఈ లాలిని మేము నవరోజు రాగంలో, ఖండ చాపు అనే ఐదు లెక్కల తాళంలో నేర్పుతాం. అద్దం ముందు నిలబడకుండా ముందు కింద కూర్చొని, తొడ మీద తట్టుకుంటూ ఇట్లా చదువు:

జో – అచ్యు | తా – నంద | జో – జోము | కుం – ద
రా – వెపర | మా – నంద | రా – మగో | విం – ద

నిలువు గీతల మధ్య ఉన్న ప్రతి ముక్కకూ ఐదు మాత్రలు, అంటే ఐదు లెక్కలు. 'జో' రెండు, 'అచ్యు' మూడు. 'తా' రెండు, 'నంద' మూడు. రెండుకు తక, మూడుకు తకిట. లైను చివర 'ద' ఒక్క మాత్రే, దాన్ని లాగి మూడు చేస్తాం. ఊయల ఒక వైపు పోయి కాస్త ఆగి వచ్చినట్టు ఉంటుంది.

ఇక అడుగులు. ఐదు మాత్రలున్నాయని ఐదు అడుగులు వెయ్యొద్దు. ముక్కకు రెండే. 'తక' దగ్గర ఒకటి, 'తకిట' దగ్గర ఒకటి. అంటే ఒక అడుగు పొట్టిది, ఒకటి పొడుగుది. మీ నాయనకు ఎడమ మోకాలు నొప్పి అన్నావు. పొట్టి అడుగు ఎడమ కాలికి ఇవ్వు, పొడుగుది కుడి కాలికి. ప్రతి ముక్కలోనూ ఎడమ కాలి మీద బరువు రెండు మాత్రలే ఉంటుంది, కుడి కాలి మీద మూడు. నాలుగు లెక్క పాటలో అయితే రెండు కాళ్ల మీదా సమానంగా పడేది. నువ్వు ఎదురుగా ఉంటావు కాబట్టి నీకు తారుమారు: ఆయన ఎడమ వేసినప్పుడు నువ్వు కుడి. అప్పుడు ఇద్దరూ ఒకే వైపుకు ఒరుగుతారు. చుట్టూ తిరగాలనుకుంటే ఆయనను తిప్పకు, నువ్వే ఆయన చెయ్యి పట్టుకొని చుట్టూ రా. తిరిగేటప్పుడు మోకాలు మెలిపడితే ప్రమాదం.

నవరోజు మరీ పై స్థాయికి పోయే రాగం కాదు, అందుకే పాడడం రానివాళ్ల గొంతుకు కూడా ఈ పాట అందుతుంది. మీ నాయన దానితో పాటు లోపల లోపల పాడుకున్నా బాగుంటుంది.

పెండ్లిలో లాలి ఏమిటన్న సందేహం పెట్టుకోవద్దు. తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అని మన పెద్దలు అంటూ ఉంటారు. తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో స్వామికి అన్నమయ్య లాలి, వెంగమాంబ ముత్యాల హారతి. నిత్య కల్యాణం జరిగే గుడిలోనే లాలి కూడా వినిపిస్తుంది. పైగా అన్నమయ్య మీ కడప వైపు బిడ్డ, రాజంపేట పక్కన తాళ్లపాకలో 1408లో పుట్టాడు. మీరు పాడుకోక ఎవరు పాడుకుంటారు?

మిక్సర్ దగ్గర కూర్చునేవాడు (ప్రొద్దుటూరు)

అక్కా, నేను ఫంక్షన్లకు సౌండ్ పెడతాను. పాట సంగతి మేడం గారు చెప్పినారు, మా వైపు పని నేను చెప్తాను.

పాటను ఫోనులో యూట్యూబ్ నుంచి నేరుగా పెట్టనీయొద్దు. మధ్యలో యాడ్ వస్తుంది, హాల్లో నెట్ నిలబడదు. ముందే ఫైలు చేసి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఫోనులో ఒకటి పెట్టుకోండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాల. నేను పనిచేసిన ఒక పెండ్లిలో అప్పగింతల పాట మధ్యలో క్యాటరింగ్ ఆయన ఫోన్ వచ్చింది, హాలంతా రింగ్‌టోన్. ఆ పెండ్లికూతురి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి నేనే ఫోను తీసుకొని చూసుకుంటాను.

పల్లవి, ఒక చరణం, మళ్లీ పల్లవి. చివరి ఏడెనిమిది సెకన్లు మెల్లగా తగ్గించమనండి, ఒక్కసారి కట్ చేస్తే ఇద్దరూ ఉలిక్కిపడతారు. నేలంతా కమ్మే పొగ మిషన్ మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. ఫొటోల్లో మబ్బుల్లాగా ఉంటుంది గానీ కాలు ఎక్కడ పెడుతున్నామో కనపడదు, కార్పెట్ కింద మా వైర్లు ఉంటాయి. నాయన గారి మోకాలికి అది మంచిది కాదు. వీలైతే స్టేజీ మీద కాకుండా కింద, ముందు వరుస కుర్చీలు జరిపి చేసుకోండి. మెట్లు ఎక్కే పని తప్పుతుంది.

గడపవాసి (దేవుని కడప)

బేటీ, నేను కూడా ఒక ఆడపిల్ల తండ్రినే. ఉగాది రోజు మా ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి పోతారు, తెలుసు గదా. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మా అల్లుడు. చిన్నప్పుడు మా అబ్బాజాన్ భుజం మీద కూర్చొని పోయేవాణ్ణి. బెల్లం, చింతపండు, టెంకాయ పట్టుకొని, ఆడబిడ్డ అత్తగారింటికి పోయినట్టు పోయేవాళ్లం.

నీకు చెప్పాల్సింది ఒక్కటి. నా కూతురి వలీమాలో, అంటే నిఖా తర్వాతి విందులో, నాకు ముందు చెప్పకుండా మైకు చేతికిచ్చి, పాప గురించి మాట్లాడమన్నారు. సంతోషపెడదామనే చేసినారు. నా నోట మాట రాలేదు, మైకు వెనక్కి ఇచ్చేసినాను. ఏడేండ్లయింది, ఆరోజు చెప్పాల్సిన మాటలు ఇప్పటికీ మనసులో తిరుగుతుంటాయి. మీ నాయనకు అన్నీ ముందే చెప్పు. ఏ టైముకు, ఎక్కడ నిలబడాల, ఎంతసేపు. ఇంట్లో మీ అమ్మ ఒక్కతే చూస్తుండగా రెండు మూడు సార్లు చేసుకోండి.

మిద్దె మీది మల్లె (కడప)

అందరికీ దండాలు. నిన్న రాత్రి ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

తక తకిట మేడం, మీరు రాసింది కాగితం మీద ఎక్కించుకొని రెండు రోజులు తొడ మీద తట్టుకున్నాను. పట్టు దొరికింది. నిన్న నాయనకు సెలవు. గడపవాసి చాచా చెప్పినట్టు మిద్దె మీదికి మేం ముగ్గురమే పోయినాం. ఎడమ పొట్టి, కుడి పొడుగు అని ఆయనకు నేర్పబోయాను. "నువ్వు పాడు" అన్నాడు. నేను మొదటి లైను అన్నానో లేదో, అడుగు సరిగ్గా పడింది. తక, తకిట. ఒక్కసారి కూడా తప్పలేదు. నేనే తప్పినాను.

ఎట్లా వచ్చిందని అడిగితే ఆయన నవ్వినాడు, చెప్పలేదు. అమ్మ చెప్పింది. నైటు డ్యూటీ చేసి వచ్చి నా ఊయల పక్కనే చాప మీద పడుకునేవాడంట. ఊయల తాడు కొసను కాలి బొటనవేలికి కట్టుకొని, కళ్లు మూసుకొని పాడుతూ లాగేవాడంట. లాగడం రెండు, వదలడం మూడు. నిద్ర పట్టినా కాలు ఆగేది కాదంట. పాట ఆగిపోయి కాలు ఒక్కటే ఆడుతుంటే అమ్మ వచ్చి తాడు విప్పేదంట.

కాబట్టి పాట ఇదే. మోకాలు కూడా ఇబ్బంది పెట్టలేదు, దిగేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకున్నాడు.

ఒక్క చిక్కు ఉంది. ఫోనులో ఉన్న రికార్డింగులు ఏవి పెట్టినా ఆయనకు వేగం ఎక్కువ అవుతోంది. అమ్మ పాడితే సరిపోయింది. మిక్సర్ అన్నా, మామూలు మైకులో అమ్మ కూర్చొని పాడితే బాగా వినపడుతుందా? చిన్న మైకు ఏదైనా అడగాలా? అమ్మ అంతమందిలో పాడనని అంటోంది. పెద్దమ్మా, మీరు ఆమెకు ఒక మాట చెప్పండి, మీలాంటి వాళ్లు చెప్తే వింటుంది.

నాయనకు రేపటి నుంచి మూడు రోజులు డ్యూటీ. శనివారం సాయంత్రం మళ్లీ మిద్దె మీదికి పోతాం. అమ్మ పొద్దున్నే నన్ను పిలిచి, చరణం సగమే గుర్తుంది, మొత్తం పెద్దక్షరాలతో రాసి పెట్టమంది.